లోపలికి తెరుచుకునే తలుపులు

జూన్ 4

అక్కకు నమస్కారం.

"వందనాలు" అని రాయలేదని మొదటి ముక్కకే అలగకు. ఫోను చెయ్యకుండా ఉత్తరం ఏమిటా అనుకుంటావు. ఫోన్లో నేను రెండు మాటలు చెప్పేలోపు నువ్వు ప్రార్థన మొదలుపెడతావు. మధ్యలో ఆపలేను, పెట్టెయ్యలేను. మొన్నొకసారి బస్సులో కమ్మీ పట్టుకుని నిలబడి, కళ్ళు మూసుకుని నీ ప్రార్థన వింటూ నేను దిగాల్సిన చోటు దాటిపోయాను. కండక్టరు నాకు వంట్లో బాగాలేదనుకుని సీటు ఇప్పించాడు. కాగితమైతే ఇద్దరికీ సుఖం.

ఇక్కడ ఆఫీసులో ఒక చిక్కొచ్చింది. నా పని నీకు తెలుసు కదా, జనం కూడే కట్టడాలు భద్రంగా ఉన్నాయో లేదో చూసి సంతకం పెట్టడం. ఒక ఫైలు పన్నెండు రోజులుగా నా బల్ల మీదే ఉంది. వెళ్ళి చూసొచ్చాను. భద్రంగా లేదు. కట్టించినవాళ్ళు పలుకుబడి ఉన్నవాళ్ళు. మా పైఅధికారి రోజూ పొద్దున్నే నా బల్ల దగ్గరకొచ్చి "ఏమయ్యా, చెయ్యి నొప్పా? ఒక్క సంతకానికి ఇంతసేపా?" అంటాడు. నిన్న మాత్రం నవ్వకుండా అన్నాడు. అది ఏ కట్టడమో, ఎవరిదో నీకు రాయకూడదు. రాయను.

పదిహేనేళ్ళుగా నిన్ను అడగనిది ఇప్పుడు అడుగుతున్నాను. నాకోసం ప్రార్థన చెయ్యి. తమ్ముడికి విశ్వాసం తిరిగొచ్చిందని గెంతకు. భయం వేసినప్పుడు చిన్నప్పటి అలవాటు నోటికొస్తుంది, అంతే. ఇది నీలోనే ఉంచుకో.

తమ్ముడు


జూన్ 15

ప్రియమైన తమ్ముడికి ప్రభువు పేరిట వందనాలు.

నీ ఉత్తరం చదివి కళ్ళజోడు తీసి పక్కన పెట్టి ఏడ్చాను. సండే స్కూల్లో నిన్ను నా పక్కన కూర్చోబెట్టుకుని నేర్పిన అక్షరాలు వృథా పోలేదు. గెంతొద్దన్నావు, గెంతలేదు. మోకాళ్ళు ఒప్పుకోవు.

గురువారం స్త్రీల కూడికలో నీ మనవి పెట్టాను. నీలోనే ఉంచుకో అన్నావు, నిజమే, కానీ సంఘం అంటే పరాయివాళ్ళు కాదు కదా, ఇంటివాళ్ళే. ప్రార్థన మనవి దాచుకుంటే దానికి బలం ఏముంటుంది? ఉత్తరంలో ఆ ముక్క వరకు చదివి వినిపించాను. నలభై మంది ఆడవాళ్ళు నీ కోసం మోకరించారు. పాస్టరు అయ్యగారి భార్య, మేమంతా అమ్మగారు అంటామే, ఆమె ఎంత శ్రద్ధగా అడిగిందో. నీ పూర్తి పేరు, ఏ ఆఫీసు, ఏ విభాగం, అన్నీ పుస్తకంలో రాసుకుంది. "అంత వివరంగా చెప్పకపోతే దేవుడికి తెలీదా అమ్మా?" అన్నాను. "అడిగేవాళ్ళకి తెలియాలమ్మా" అంది. ఆమె ఎంత పెద్దమనసుది అనుకున్నాను.

మా కొత్త మందిరం దాదాపు అయిపోయింది. పధ్నాలుగు వందల మంది పడతారు. వేదిక వెనక గోడంతా పెద్ద తెర పెట్టారు, అయ్యగారి ముఖం వెనక వరసకి కూడా కనపడాలని. రంగురంగుల లైట్లు. పాట మొదలవగానే వేదిక మీదికి పొగ వదులుతారట. మొన్న అలా వదిలి చూస్తుంటే నేను ఏదో అంటుకుందనుకుని బకెట్టు కోసం పరిగెత్తాను. కీబోర్డు కుర్రాళ్ళు పడీపడీ నవ్వారు. ముప్ఫై ఏళ్ళు పాటలు నడిపించినదాన్ని, ఇప్పుడు నన్ను "పాత అక్క" అంటున్నారు. అననీ. జనం వస్తున్నారంటే నాకు పొగైనా సమ్మతమే.

ప్రతిష్ఠకు నువ్వు రావాలి.

ప్రభువునందు నీ అక్క


జూన్ 23

అక్కా,

నీకు చెప్పడమూ మైకులో చెప్పడమూ ఒకటేనని మర్చిపోయాను. తప్పు నాదే.

మీ అమ్మగారికి నా విభాగం ఎందుకు? దేవుడు మా ఆఫీసుకి వస్తే గుమాస్తాని అడిగి నా బల్ల దగ్గరకు రాలేడా? నీ ఉత్తరం వచ్చిన మూడో రోజే పైఅధికారి నన్ను గదిలోకి పిలిచి తలుపేశాడు. "నీకు దైవభక్తి ఉన్న అక్క ఉందటగా" అన్నాడు. నేను నీ పేరు ఆ ఆఫీసులో ఎప్పుడూ ఎత్తలేదు.

సరే, ఆ మాట వదిలెయ్. ఒకటి అడుగుతాను, చెప్పు. కొత్త మందిరంలో పాటలవాళ్ళు ఎక్కడ కూర్చుంటారు? వేదిక పక్కనేనా? నా మాట విని కొన్నాళ్ళు అందులోకి వెళ్ళకు. వెళ్ళక తప్పకపోతే తలుపు దగ్గర కూర్చో. ఎందుకని అడగకు. నేను చెప్పగలిగినంత చెప్పాను.

తమ్ముడు


జూలై 6

తమ్ముడికి వందనాలు.

ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడోసారి చదవబుద్ధి కాలేదు. ఇంతకాలం నువ్వు మందిరానికి రాకపోతే పోనీలే అనుకున్నాను. ఇప్పుడు నన్నే వెళ్ళద్దంటున్నావు. నీ కోపం ఎక్కడిదో నాకు తెలుసు. పదహారేళ్ళ వయసులో నువ్వేదో ప్రశ్న అడిగితే పెద్ద అయ్యగారు నిన్ను అందరి ముందు లేపి నిలబెట్టారు. ఆ చేదు నువ్వు ఇంకా ఉమ్మలేదు. ఆయన పోయి ఎన్నేళ్ళయింది? ఇప్పుడున్నది ఆయన కొడుకు. తండ్రి మీద కోపం కొడుకు కట్టిన మందిరం మీద చూపిస్తావా?

మాకూ ఇక్కడ కష్టకాలమే. మందిరం అంతా సిద్ధమయ్యాక ఎవరో అధికారి సంతకం పెట్టకుండా అడ్డం పడ్డాడు. మీ శాఖలోనేనట. అయ్యగారు పేరు కూడా పలకలేదు, "ఆ మనిషి" అంటున్నారు. ఊళ్ళో తాగుడు కొట్లకి, సినిమా హాళ్ళకి కళ్ళు మూసుకుని సంతకాలు పెట్టేవాళ్ళకి దేవుడి ఇల్లు దగ్గరే రూల్సు గుర్తొస్తాయి. అందుకని పదో తేదీ నుంచి ఇరవై ఒక్క రోజులు ఉపవాస ప్రార్థన పెట్టారు. నడిపించేది నేనే. అమ్మగారు ఏరి కోరి నన్నే అడిగింది.

ఆయనకి చెడు కోరడం లేదురా. ఆ బల్ల దగ్గర నుంచి తీసెయ్యమని మాత్రమే. ఆయనకీ కుటుంబం ఉంటుంది, వాళ్ళని చల్లగా చూడమని ఆ మాట నేనే చేర్చాను. నీకు తెలిసినవాడైతే నువ్వూ కాస్త నచ్చజెప్పు. నా మాటగా చెప్పు.

ఈ మూడు వారాలూ ఇల్లు తాళం వేసి పాత మందిరంలోనే ఉంటాం. ఫోన్లు కూడా అప్పజెప్పేస్తున్నాం. నీ సంగతి కూడా రోజూ తలుస్తాను.

ప్రభువునందు నీ అక్క


జూలై 12

అక్కా,

ఆ మనిషిని నేనే.

మొదటే చెప్పాల్సింది. ఫైలు గురించి బయట మాట్లాడకూడదన్నది సగం కారణం. మిగతా సగం పిరికితనం. నువ్వు నా ముఖం మీద తలుపు వేస్తావని భయం. ఇప్పుడు ఏ రూలూ చూసుకోను. అంతా రాస్తున్నాను, నిదానంగా చదువు.

మీ మందిరం మా దగ్గర మందిరంగా లేదు. కాగితాల్లో అది గోదాము. అయ్యగారే సంతకం పెట్టి ఇచ్చారు. గోదాముకి తలుపులు తక్కువున్నా ఒప్పుకుంటాం. సామానుకి పరిగెత్తాల్సిన పని ఉండదు కదా. కానీ ఆ ప్లానులో వేదిక ఉంది, కుర్చీల వరసలున్నాయి. నాకు మొదట నవ్వొచ్చింది. అడ్రసు చూశాక నవ్వు ఆగిపోయింది.

మే నెలలో వచ్చి చూశాను. మీ వీధి మలుపు దాకా వచ్చి, నీ గడప తొక్కకుండా వెనక్కి పోయాను. పని మీద వచ్చినవాడు ఆ సంస్థ మనిషి ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగకూడదు. దానికి నువ్వు నన్ను ఏమన్నా పడతాను.

పధ్నాలుగు వందల మందికి మూడు తలుపులు. వెనక తలుపు మీద ఆ పెద్ద తెర బిగించేశారు. ముందున్న రెండూ లోపలికి తెరుచుకుంటాయి. గడప బయటే మెట్లు మొదలవుతాయి, బయటికి తెరిస్తే మెట్ల అందం చెడుతుందని అలా పెట్టించారట. అక్కా, ఏదైనా జరిగి జనం ఒక్కసారి తలుపు మీద పడితే, వెనకవాళ్ళ బరువుకి ముందువాళ్ళు ఆ తలుపుని తమ వైపు లాక్కోలేరు. ఒక్క అడుగు వెనక్కి వేసే చోటుండదు. మంట వాళ్ళ దాకా రానక్కర్లేదు. నువ్వు చూసి బకెట్టు కోసం పరిగెత్తిన ఆ వేదిక పొగని నిజమనుకుని జనం లేచినా చాలు, లేదూ నిజం పొగ వచ్చినప్పుడు అది వేదిక పొగేలే అనుకుని కూర్చున్నా చాలు.

నేను అడిగింది రెండే. తలుపులు బయటికి తిప్పండి, తెర జరపండి. నెల పని. అయ్యగారు నా భుజం మీద చెయ్యేసి "నీకు విశ్వాసం తక్కువ తమ్ముడూ" అన్నారు. విశ్వాసానికీ తలుపు బందుకీ ఏమిటి సంబంధమో నాకు తెలీలేదు.

అబద్ధం మీద సంతకం పెట్టకూడదని నాకు నేర్పింది నువ్వు. మందిరం మానేశాను కానీ అది మానలేదు. నా బతుకులో నువ్వు నేర్పిన మతం ఎక్కడైనా మిగిలిందంటే ఆ బల్ల మీదే. ఇప్పుడు అక్కడి నుంచే నన్ను లేపెయ్యమని నువ్వు అన్నం మానేసి అడుగుతున్నావు.

ఇది మందిరానికి పంపితే ఎవరి చేతిలో పడుతుందోనని ఇంటికే పంపుతున్నాను, బట్టలకైనా ఒకసారి వస్తావు కదా. ఉపవాసం ఆపు. వెంటనే రాయి.

తమ్ముడు


ఆగస్టు 1

ప్రియమైన తమ్ముడికి ప్రభువు పేరిట వెయ్యి వందనాలు.

పాత మందిరం నుంచే రాస్తున్నాను. ప్రార్థన ఫలించింది. పంతొమ్మిదో రోజున ఆ మనిషిని బదిలీ చేశారు. కొత్తగా వచ్చినాయన రెండు రోజుల్లో సంతకం పెట్టేశాడు, మందిరం చూడ్డానికి కూడా రాలేదు, అంత నమ్మకం కలిగించాడు దేవుడు. అయ్యగారు కబురు చెప్పగానే ఆడవాళ్ళు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. నేను లేచి పాట ఎత్తాను. ఇరవై రోజులు తిండిలేని గొంతు, ఎంత పైకి వెళ్ళిందో నాకే ఆశ్చర్యం.

తొమ్మిదో తేదీ ప్రతిష్ఠ. ఆ రోజు సాక్ష్యం చెప్పేది నేను. ఆటంకం ఎలా తొలగిపోయిందో చెప్పాలి. పాటల సాధన ఉంది కాబట్టి అప్పటిదాకా ఇంటికి వెళ్ళను.

నీ సమస్య ఏమైంది? నీకు కోపం వచ్చి రాయడం మానేశావేమో, లేక రాసినవి ఇంటి దగ్గర పడి ఉన్నాయేమో. నిన్ను ఒక్కరోజు కూడా మర్చిపోలేదు. పొద్దున లేవగానే ఆ మనిషిని తీసెయ్యమని అడిగేదాన్ని. ఆ వెంటనే, అవే మోకాళ్ళ మీద, నా తమ్ముణ్ణి తన చోట నిలబెట్టమని అడిగేదాన్ని.

ప్రభువునందు నీ అక్క


ఆగస్టు 5

అక్కా,

ఇంక వేరే దారి లేక ఇది పాత మందిరం అడ్రసుకే పంపుతున్నాను. ప్రతిష్ఠకి ముందు ఇంటికి వెళ్ళు. తాళం తీసి గడప లోపల చూడు, జూలై పన్నెండున రాసింది ఉంటుంది. అది చదివాక ఏ సాక్ష్యం చెబుతావో నీ ఇష్టం.

నన్ను పాత కాగితాల గదికి మార్చారు. కిటికీ లేదు. చెదలు పట్టినవీ పట్టనివీ వేరు చెయ్యాలి. నిన్న పైఅధికారి వచ్చి "ఇక్కడ ప్రశాంతంగా ఉంటుంది" అన్నాడు. నీ రెండు ప్రార్థనల్లో దేవుడు ఒకటి విన్నాడు. రెండోది వినడానికి వీల్లేకపోయింది, మొదటిదే అడ్డం.

తమ్ముడు


ఆగస్టు 18

తమ్ముడికి,

నువ్వు పాత మందిరానికి పంపిన ఉత్తరం ఈ నెల పన్నెండున గానీ నా చేతికి రాలేదు. సంఘానికి వచ్చిన ఉత్తరాలన్నీ అమ్మగారి దగ్గరకు వెళ్తాయి, ప్రతిష్ఠ హడావిడిలో ఇవ్వడం మర్చిపోయానంది. కవరు అంటించి ఉందో విప్పి ఉందో నేను చూడలేదు. చూడదల్చుకోలేదు.

కాబట్టి సాక్ష్యం చెప్పేశాను. పధ్నాలుగు వందల మంది ముందు, ఆ తెర మీద నా ముఖం గోడంత పెద్దగా కనపడుతుంటే, అధికారి అనే ఆటంకాన్ని దేవుడు చేత్తో తీసి పక్కన పెట్టాడని చెప్పాను. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఆ తర్వాత మూడు రోజులకి ఇంటికి వెళ్ళి గడప లోపల పడున్నది తీసి చదివాను. నీళ్ళు తాగి మళ్ళీ చదివాను.

నీ మీద నాకు కోపం లేదని రాస్తే అబద్ధం. జూన్‌లోనే ఒక్క ముక్క, "అది మీ మందిరమే అక్కా" అని రాసి ఉంటే? నీ ఆఫీసు రూలు నీకు అంత ముద్దా? మా వీధి మలుపు దాకా వచ్చి వెళ్ళిపోయావు. ఇద్దరం కలిసే చేశాం ఇది. తిలా పాపం తలా పిడికెడు.

మర్నాడు ఎవరూ లేనప్పుడు మందిరం లోపల నిలబడి తలుపు లాగి చూశాను. లోపలికే. వెనక్కి రెండడుగులు వేస్తే గానీ పూర్తిగా తెరుచుకోలేదు. అయ్యగారిని అడిగాను, గోదాము అని రాసిచ్చారటగా అని. ఆయన దాచలేదు. "ఆత్మల గోదామే కదమ్మా ఇది" అని నవ్వారు. పక్కనున్న పెద్దలూ నవ్వారు. నాకు కూడా పెదవి కదిలింది. సిగ్గుతో రాస్తున్నాను.

ఇప్పుడు పాట అవగానే వేదిక దిగి తలుపు పక్క కుర్చీలో కూర్చుంటున్నాను. మోకాళ్ళ నొప్పులని చెప్పాను.

అక్క


ఆగస్టు 25

అక్కా,

నువ్వు తలుపు పక్కన కూర్చున్నావు. బాగుంది. అది చదివి నాకు గుండె బరువు తగ్గాలి, తగ్గలేదు. ముందు వరసల్లో ఎవరు కూర్చుంటారు? సండే స్కూలు పిల్లలే కదా. వాళ్ళకి ఎవరు చెప్పారు మోకాళ్ళ నొప్పుల సంగతి?

జూన్‌లో చెప్పాల్సింది, చెప్పలేదు. ఒప్పుకుంటున్నాను, ఇంక ఎన్నిసార్లు రాసినా అదే ఒప్పుకుంటాను. కానీ నేను చెప్పకపోవడం వల్ల తలుపు లోపలికి తెరుచుకోలేదు. నువ్వు తెలిసి చెప్పకపోతే అది అలాగే ఉంటుంది. నా మాట ఇప్పుడు చెల్లదు. ఫిర్యాదు చెయ్యాలంటే ఆ కట్టడాన్ని వాడే మనిషి సంతకం కావాలి. కాగితం ఇందులో పెట్టాను. నేనే నింపాను. కింద సంతకం ఒక్కటే మిగిలింది.

విశ్వాసులు ఊరికి మేలు చెయ్యాలని మీ అయ్యగారు ప్రతి వారం చెబుతారు కదా. ఈ కాగితంకంటే పెద్ద మేలు మీ సంఘం ఈ ఊరికి ఏం చెయ్యగలదో నాకు తెలీదు.

తమ్ముడు


సెప్టెంబరు 8

తమ్ముడూ,

నువ్వు పంపిన కాగితం పాటల పుస్తకంలో ఉంది. సంతకం పెట్టలేదు. పెడతానని రాయడానికి కూడా నాకు ధైర్యం లేదు, అందుకే రాయడం లేదు.

బయట ఆఫీసుకి రాసే ముందు ఇంటివాళ్ళకి ముఖాముఖి చెప్పాలనుకున్నాను. అదే ధర్మం అనిపించింది. నిన్న ఆదివారం సాక్ష్యాల వేళ చెయ్యెత్తాను. అయ్యగారికి సంతోషం వేసింది, నేను ఎప్పుడూ బాగా చెబుతానని. మైకు పట్టుకుని నిలబడ్డాను. పిల్లలు ముందు వరసల్లో ఉన్నారు, కొందరి కాళ్ళు నేలకి అందడం లేదు. "మన మందిరం తలుపులు లోపలికి తెరుచుకుంటాయి" అన్నాను. ఒకరిద్దరు ఆమెన్ అన్నారు. ఏదో మంచి మాట చెప్పబోతున్నానని అనుకున్నారు. "ఏదైనా జరిగితే మనం బయటికి పోలేం. మనం ప్రార్థన చేసి తీసేయించిన మనిషి నిజం చెప్పాడు. ఆయన నా తమ్ముడు" అన్నాను.

ఇది మాత్రం చెప్పాను. నా మాట పూర్తిగా వినపడిందో లేదో తెలీదు. తమ్ముడు అన్న దగ్గర మైకులో చప్పుడు పోయినట్టుంది. అయ్యగారు చాలా ప్రేమగా చూశారు. "అక్కకి ఉపవాసం నీరసం ఇంకా తీరలేదు, ఆమె కోసం పాడదాం" అన్నారు. కీబోర్డు వాళ్ళకి సైగ చేశారు. వేదిక మీదికి పొగ వచ్చింది. పధ్నాలుగు వందల మంది లేచి నిలబడ్డారు. వాళ్ళు లేవగానే నాకు తలుపు కనపడలేదు.

వాళ్ళు ఎత్తుకున్నది నేను నేర్పిన పాటే. ముప్ఫై ఏళ్ళుగా ఆ పాటకి మొదటి గొంతు నాదే. నేను నోరు మూసుకుని నిలబడాలి, లేదా అరవాలి, లేదా మైకు పడేసి పిల్లల చెయ్యి పట్టుకుని బయటికి నడవాలి. నువ్వు నా చోట ఉంటే ఏదో ఒకటి చేసేవాడివి.

మొదటి చరణం అయ్యేదాకా నేనూ పాడుతున్నానని నాకు తెలీలేదు, తమ్ముడూ. శ్రుతి కూడా తప్పలేదు.

అక్క